మోగని మెట్టు

నేను సంగీతం తెలిసినవాణ్ణి కాదు,
తీగలు బిగించేవాణ్ణి.
కుతాయిసి పట్టణంలో ఉన్న పియానోలన్నిటికీ
నోరు తెరిపించి లోపలికి చూసినవాణ్ణి.
ఎవరి వేళ్లు ఎలాంటివో
సుత్తుల మీది ఉన్ని చెప్పేస్తుంది నాకు.
కోపిష్టివాళ్లు దాన్ని కోసి పెడతారు,
భయస్థులు నడిమి రెండు సప్తకాలే అరగదీస్తారు.
లమారా చిఖ్లాద్జే వాయించే పియానోలో
ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే అరుగుదల,
ఏటి గులకరాళ్లకి మల్లే.

ఆమె పేరు మీరు విని ఉండరు.
మా ఊళ్లోనే సగంమంది వినలేదు.
గోడపత్రికలో ఒకసారి ఇంటిపేరు నుంచి అక్షరం ఎగిరిపోయింది,
ఇంకోసారి మొత్తం పేరే పోయి
'తదితరులు'లో కలిసింది.
రేడియోవాళ్లు చేసిన ఒకే ఒక్క రికార్డింగు టేపు మీద
తర్వాత ఎవరో
ద్రాక్షతోటల చీడల గురించి ప్రసంగం ఎక్కించారు.
రాజధాని నుంచి కుర్రాడొకడు వచ్చేవాడు,
జుట్టు ఒక్కసారి విదిలిస్తే బాల్కనీ మొత్తం లేచి నిలబడేది.
అతనికి పూలగుత్తులు.
ఈమెకి, రెండో నంబరు సంగీత పాఠశాలలో
ముక్కులు చీదే పిల్లలు పదముగ్గురు.
ఆమె జుట్టు విదిలించగా నేను చూళ్లేదు.
పిన్నులు గట్టివి.

తొంభైమూడు, జనవరి అనుకుంటా.
కరెంటు లేదు, గ్యాసు లేదు,
రొట్టె కోసం తెల్లారుజామున మూడింటికే వరస.
ఇప్పుడు కచేరీ ఏమిటి తల్లీ అని నేనూ అన్నాను.
టికెట్టు, మనిషికొక కట్టె.
పంతొమ్మిది కట్టెలు వచ్చాయి
(వాటిలో ఒకటి కుర్చీ కాలు).

ఆ మధ్యాహ్నమే సుత్తి కాడ విరిగింది.
జిగురు చూస్తే చలికి సీసాలోనే రాయై కూచుంది.
"ఈ నల్లమెట్టు ఇవాళ మోగదు,
నా చేతిలో ఏమీ లేదు" అన్నాను.
కోటు విప్పకుండానే కాగితాలు తిరగేసి
పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.
"నలభై ఒక్కసార్లు వస్తుంది" అంది,
దుకాణంలో బాకీ చెప్పినట్టు.

వేరే ఏదైనా వాయించొచ్చు.
పక్క మెట్టుతో సర్దేయొచ్చు, దాటేయొచ్చు.
కట్టెలు మోసుకొచ్చిన వాళ్లం,
ఎవరం నిలదీస్తాం?

ఒకే లాంతరు, ఆమె ఎడమ చెవి పక్కన.
కొసలు కత్తిరించిన చేతి తొడుగులు.
పెడల్ మీద గొర్రెబొచ్చు బూటు.
మోగని మెట్టు వచ్చిన ప్రతిసారీ
మోగే వాటికి ఇచ్చినంత బరువే దానికీ ఇచ్చింది.
ఒకచోట, నిద్రపోయే పిల్ల మీంచి చెయ్యి తీసినంత మెల్లగా.
ఒకచోట, చెక్క టక్కుమనేంత గట్టిగా.
నెమ్మది భాగం చివర
దాన్ని నొక్కి, అది ఎంతసేపు మోగాల్సి ఉందో
అంతసేపూ వదల్లేదు.
పొయ్యిలో కట్టె చిటపటమంది.
ముందు వరసలో ముసలాయన, రిటైరైన ట్రాము డ్రైవరు,
టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
అది అయ్యేదాకా ఎవరమూ కదల్లేదు,
ఏది అయ్యేదాకా అని అడిగితే చెప్పలేను.

మధ్యాహ్నం ఆ మెట్టు తరఫున
క్షమాపణ అడిగినందుకు
సిగ్గేసింది నాకు.

నేనూ వేళ్ల మీద లెక్కపెడుతూనే ఉన్నాను.
నలభయ్యే వచ్చాయి.
ఆ ఒకటి నేను జారవిడిచానో, ఆమె దాటేసిందో,
ఆరేళ్లపాటు ఎక్కడో పంట్లో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది.
రియోని వంతెన మీద ఎదురుపడింది ఒకనాడు,
సంచీలో బీట్‌రూట్ దుంపలు, మడమకి కట్టు.
అడిగేశాను.

"వాయించాను" అంది.
"అప్పుడు నువ్వు దగ్గావు."

తిట్టినట్టు కాదు.
అక్కడ ఒక స్వరం ఉండగా
దాని మీద దగ్గు పడిందని, అంతే.
దుంపల సంచీ చెయ్యి మార్చుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు, ఎవరి పియానో దగ్గరైనా
పనిలో ఉండగా దగ్గొస్తే
మూత వేసి,
గుమ్మం దాటి, వీధిలోకి పోయి దగ్గుతాను.
ఇంటివాళ్లు నవ్వుతారు.
లోపల ఎవరూ వాయించడం లేదుగా అంటారు.